పొట్లాల తరువాతి ఆకలి: చెన్నై తెలుగు సంఘాలకు, అన్నదాన ట్రస్టులకు బహిరంగ లేఖ

మాన్యులైన అధ్యక్షులకు, కార్యదర్శులకు, ధర్మకర్తలకు, దాతలకు నమస్కారాలు.

2023 డిసెంబరు మొదటి వారంలో మిగ్‌జాం తుపాను వానకు ఉత్తర చెన్నై వీధులు మునిగినప్పుడు మీరు పంపిన సాంబారన్నం పొట్లాలు, పాలు, దుప్పట్లు మా ఇళ్లకు చేరాయి. ఆ మేలు మరువలేదు. ఆ మాట ముందే చెప్పి అసలు విషయానికి వస్తున్నాను.

నేను రేషన్ దుకాణంలో బిల్లు వేసే ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. పెరంబూరు, వ్యాసర్పాడి, పుళల్, రెడ్‌హిల్స్ ప్రాంతాల్లో అద్దె గదుల్లో కాపురముంటున్న తెలుగు కూలి కుటుంబాల తరఫున రాస్తున్నాను. తుపాను కోసం వసూలైన విరాళాల్లో ఖర్చుకాగా మిగిలిన సొమ్ములో కొంత భాగాన్ని ఈ కుటుంబాల రేషన్ కార్డుల చిక్కులు తీర్చడానికీ, కార్మిక సంక్షేమ బోర్డులో పేర్లు నమోదు చేయించడానికీ, పిల్లలను బడిలో చేర్పించడానికీ వినియోగించమని మీలో కొందరికి వినతిపత్రాలు ఇచ్చాం. ఒకచోట రసీదు ఇచ్చి పంపారు. ఒకచోట కార్యవర్గం ముందు పెడతామన్నారు. మరొకచోట, ముందు ఆకలి తీర్చనివ్వండి, మిగతా సంగతి ప్రభుత్వాలు చూసుకుంటాయి అన్నారు. ఆ తరువాత ఉగాదులు వచ్చాయి, వేదికలు లేచాయి, మాకు మాత్రం కబురు రాలేదు. అందుకే ఇప్పుడు నలుగురి ముందూ అడుగుతున్నాం.

మేము అన్నదానం ఆపమని కోరడం లేదు. పొయ్యి మీద నీళ్లు నిండిన ఇంట్లో చంటిబిడ్డతో కూర్చున్న తల్లికి ఆ పూట కావలసింది అన్నమే. శాశ్వత పరిష్కారాల గురించి ఆమెకు ఉపన్యాసం ఇచ్చేవాడికి మా గుమ్మంలో చోటు లేదు. అయితే ఈ నగరంలో తెలుగు కూలివాడి ఆకలి తుపానుతో మొదలై తుపానుతో ముగిసేది కాదు. ఏటా ఏ నెలల్లో వస్తుందో, ఎవరి ఇంటికి వస్తుందో, ఏ కాగితం లేకపోవడం వల్ల వస్తుందో ముందే చెప్పగలిగినంత క్రమంగా వస్తుంది. అంత క్రమంగా వచ్చేదానికి ప్రతిసారీ అకస్మాత్తుగా వచ్చినట్టు పొట్లాలు కట్టడం దగ్గరే మన పని ఆగిపోతున్నది.

ఈ వాదానికి ఈ ఊళ్లోనే పెద్ద చరిత్ర ఉన్నది. 1876లో మొదలైన ధాత కరువులో బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాల జనం మద్రాసు దారి పట్టారు. దక్షిణ, పశ్చిమ భారతాల్లో 50 లక్షల మందికి పైగా చనిపోయారని అంచనా. ఒకపక్క సముద్రతీరంలో ధాన్యం బస్తాలు గుట్టలుగా పేర్చి కాపలా పెట్టగా, మరోపక్క సహాయ శిబిరాల్లో పనిచేసే మగవాడికి రోజుకు ఒక పౌను (అరకిలోకు తక్కువే) గింజలు, కొంచెం చిల్లర చాలునని 1877 జనవరిలో, వైస్రాయి తరఫున కరువు పరిస్థితి చూడటానికి వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించాడు. ఎక్కువ పెడితే ఖజానా ఖాళీ అవుతుందని, జనం సాయానికి అలవాటు పడతారని ఆయన లెక్క. ఆ కూలితో మనిషి బతకడని ప్రజారోగ్యం చూసే మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. కొన్ని నెలలకు కూలి పెంచక తప్పలేదు గాని, ఈలోగా పోయినవారు పోయారు. దీర్ఘకాలం పేరు చెప్పి ఈ పూట అన్నంలో కోత పెట్టడం ఎంత ప్రాణాంతకమో ఈ ఒక్క ఉదంతం చాలు. మీలో ఎవరైనా మా లేఖను చూపించి అన్నదానం ఖర్చు తగ్గించాలని తీర్మానం పెడితే, దాన్ని వ్యతిరేకించేవారిలో మేమే ముందుంటాం.

అదే కరువులో రెండో రకం పని కూడా జరిగింది. 1877–78లో కూవం, అడయారు నదులను కలుపుతూ ఆకలిగొన్న జనం చేత తవ్వించిన సుమారు 8 కిలోమీటర్ల కాలువతో, అప్పటి గవర్నరు పేరు మీద బకింగ్‌హాం కాలువ నగరంలో ఒక చివరి నుంచి మరో చివరికి పారింది. గంజి తాగి చేసిన ఆ పని వల్ల ఆంధ్ర తీరం నుంచి బియ్యం, వంటచెరకు, ఉప్పు పడవల మీద మద్రాసుకు చాలా దశాబ్దాలు వచ్చాయి. సాయం పొందినవాడి చెమట మరో తరానికి తిండి మోసుకొచ్చిందన్నమాట. ఇప్పుడు అదే కాలువ మురుగు మోస్తున్నది, దాని నడుమ రైలు వంతెన స్తంభాలు దిగాయి. కట్టినదాన్ని కాపాడుకోకపోతే దీర్ఘకాలిక పరిష్కారం కూడా ఒక తరం ముచ్చటగానే మిగులుతుంది.

కరువు తరువాత 1880లో కమిషన్ నివేదిక వచ్చింది, కరువు నియమావళులు తయారయ్యాయి. అంతకు ముందే, 1878లో, రాబోయే కరువుల కోసమని చెప్పి కొత్త పన్నులు వేసి ఒక నిధి కూడబెట్టారు. ఆ సొమ్ము అఫ్గాన్ యుద్ధానికి మళ్లిందని అప్పట్లోనే పెద్ద గొడవ జరిగింది. విపత్తు పేరుతో వసూలు చేసిన సొమ్మును విడిగా తాళం వేసి ఉంచకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇది గుర్తుచేస్తున్నాను. మీలో ఎవరూ యుద్ధాలు చేయడం లేదు. కాని కల్యాణ మంటపానికి ఏసీలు పెట్టించడం కూడా మళ్లింపే.

మన తెలుగు జిల్లాల అనుభవమూ ఇదే చెబుతుంది. 1832–33 నాటి నందన కరువులో గుంటూరు ప్రాంతం శ్మశానమైంది. ఆ తరువాత 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట గోదావరి డెల్టాను అన్నపు ముద్దగా మార్చింది. రాయలసీమకు అలాంటి అదృష్టం పట్టలేదు. 1952లో కూడా, అది మద్రాసు రాష్ట్రంలో ఉండగానే, అక్కడ గంజి కేంద్రాలు తెరవవలసి వచ్చింది, బావులు లోతు చేయడానికి సైన్యం దిగవలసి వచ్చింది. ఆ ఏడాది కూడా పంచాంగంలో నందనే. సరిగ్గా అరవయ్యేళ్లకు, 2012లో, మళ్లీ నందన వచ్చింది. గంజి కేంద్రాలు రాలేదు. ఈ మార్పు తిథి వార నక్షత్రాల వల్ల రాలేదు. రేషన్ దుకాణం, బడిలో మధ్యాహ్న భోజనం, 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీ, ఇవన్నీ ఈలోగా హక్కులుగా నిలబడ్డాయి కాబట్టి వచ్చింది.

దానం హక్కుగా మారిన తీరుకు మన ఊళ్లోనే, అందులోనూ మనవాడే, ఒక ఉదాహరణ. త్యాగరాయనగరానికి పేరిచ్చిన పిట్టి త్యాగరాయ చెట్టి మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడుగా ఉండగా 1920లో థౌజండ్ లైట్స్ కార్పొరేషన్ బడిలో పేద పిల్లలకు భోజనం మొదలైంది. పిల్లవాడికి రోజుకు ఒక అణా మించకూడదన్నది షరతు. ఆ అణా కూడా దండగని బ్రిటిష్ ప్రభుత్వం అభ్యంతరం పెట్టడంతో కొన్నేళ్లకే అది ఆగింది. 1956లో కామరాజు ప్రభుత్వం రాష్ట్రమంతటా ఎత్తుకున్నది, 1982 జూలైలో ఎం.జి.ఆర్. పెద్దయెత్తున విస్తరించారు, 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు దేశంలోని ప్రభుత్వ ప్రాథమిక బడులన్నిటా వండిన భోజనం పెట్టాలని ఆదేశించింది. ఆ మొదటి అణా దాతల దయ మీదనే నడిచి ఉంటే ఈరోజు దాన్ని తలచుకునేవారుండరు.

ఇందుకు ఎదురు ఉదాహరణ కూడా నిన్నమొన్నటిదే. 2025 ఆగస్టులో ఉత్తర చెన్నైలోని రాయపురం, తిరు.వి.క. నగర్ మండలాల పారిశుద్ధ్య పనిని ప్రైవేటుకు అప్పగించడాన్ని వ్యతిరేకిస్తూ కార్మికులు చెన్నై కార్పొరేషన్ కార్యాలయమైన రిప్పన్ భవనం ఎదుట 13 రోజులు కూర్చున్నారు. వారిలో తెలుగు మాట్లాడే కుటుంబాలవారూ ఉన్నారు. వారు అడిగింది ఉద్యోగ భద్రత, కోతలేని కూలి. ఆగస్టు 13 అర్ధరాత్రి వారిని అక్కడినుంచి తొలగించారు. మరునాడు ప్రభుత్వం ప్రకటించిన పథకాల్లో ఉచిత అల్పాహారం ఒకటి. ఇడ్లీని ఎవరూ కాదనరు. కాని జీతం గురించి అడిగినవాడికి ఇడ్లీ పెట్టడం జవాబు అవుతుందా అన్నది పెద్దలు ఆలోచించాలి. మా వినతిపత్రాలకు మీనుంచి వచ్చిన మౌనాన్ని కూడా మేము ఇదే తక్కెడలో తూచుకుంటున్నాం.

ఇక ఈ పరిస్థితి వల్ల మామూలు మనుషులకు జరుగుతున్నదేమిటో వరుసగా మనవి చేస్తాను.

1. రేషన్ కార్డు ఊళ్లో, మనిషి చెన్నైలో. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు విధానంలో తమిళనాడు 2020 అక్టోబరులో చేరింది. వలస కూలీల కేసులో సుప్రీంకోర్టు 2021 జూన్ 29న ఇచ్చిన తీర్పులో, ఆ ఏడాది జూలై 31లోగా అన్ని రాష్ట్రాలూ దీన్ని అమలు చేయాలన్నది. కాగితం మీద చూస్తే, నెల్లూరు జిల్లా కార్డున్న మనిషి రెడ్‌హిల్స్ దుకాణంలో వేలిముద్ర వేసి తన వంతు 5 కిలోలు తీసుకోవచ్చు, ఊళ్లో ఉన్న తల్లిదండ్రులు తమ వంతు అక్కడే తీసుకోవచ్చు. ఆచరణలో ఎదురయ్యేవి నాకు తెలుసు, ఎందుకంటే కౌంటరుకు అవతలి పక్కన కూర్చున్నవాణ్ణి నేనే. సిమెంటు, ఇటుక పట్టిన వేళ్ల గీతలు అరిగిపోయి యంత్రం ముద్రను గుర్తించదు. దుకాణానికి సరుకు స్థానిక కార్డుల లెక్కన వస్తుంది కాబట్టి, బయటి కార్డుకు ఇస్తే నెలాఖరుకు నిల్వ చాలదేమోనని బిల్లు వేసేవాడు జంకుతాడు, నెల చివర రమ్మంటాడు. నెల చివర వెళితే సరుకు లేదంటాడు. అడిగేవాడికి తమిళం రాదు, చెప్పేవాడికి తెలుగు రాదు, వెనక నిలబడ్డవాళ్లకు ఓపిక ఉండదు. ఒక పూట కూలి పోగొట్టుకుని ఉత్త చేతులతో వెళ్లినవాడు మరో నెల రాడు. బజారులో కిలో బియ్యం కొనుక్కుంటాడు.

ఇంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉన్నది, దీని గురించి మీలో చాలామందికి తెలియకపోవచ్చు. ఈ సౌకర్యం 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం కింద ఉన్న కార్డులకే వర్తిస్తుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన సొంత ఖర్చుతో నడిపే కార్డులు రాష్ట్రం దాటితే చెల్లవు. రెండు కార్డులూ చేతిలో ఒకేలా కనిపిస్తాయి. తమది ఏ కోవకు చెందిందో కార్డుదారుకే తెలియదు. పోనీ ఇక్కడే తమిళనాడు కార్డు తీసుకుందామంటే, ఊళ్లోని కార్డు నుంచి పేరు తొలగించినట్టు పత్రం కావాలి, ఇక్కడ చిరునామా రుజువు కావాలి. ఒక్క మీటరు మీద ఆరు గదులు అద్దెకిచ్చే యజమాని ఒప్పంద పత్రం రాసివ్వడు. ఊళ్లో పేరు తీయించుకుని ఇక్కడ కార్డు రాకపోతే రెంటికీ చెడ్డ రేవడి అవుతామని భయపడి ఆగిపోయినవారు మా వీధుల్లో చాలామంది ఉన్నారు. మిగ్‌జాం తరువాత ప్రభుత్వం కుటుంబానికి 6,000 రూపాయలు రేషన్ దుకాణాల ద్వారానే పంచింది. కార్డు ఉన్నవారు టోకెను పట్టుకుని వెళ్లి తెచ్చుకున్నారు. అదే వీధిలో, అదే మోకాటి లోతు నీళ్లలో ఉన్న తెలుగు కుటుంబాలు మీ పొట్లాల కోసం ఎదురుచూశాయి. కాబట్టి కార్డు పని కాగితాల పని అని మీరు తీసిపారేస్తే, వచ్చే వరదలో మీరు కట్టవలసిన పొట్లాల లెక్క మీరే పెంచుకుంటున్నట్టు.

2. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చే ఆకలి. ఈశాన్య రుతుపవనాల కాలంలో పునాదుల పని, కాంక్రీటు పని, ఇటుకబట్టీల పని ఆగుతుంది. తుపాను వచ్చినా రాకున్నా ఆగుతుంది. ఆ నెలల్లో మేస్త్రీ అడ్వాన్సు ఇస్తాడు, లేదా వీధిలో రోజు వడ్డీకి అప్పు పుడుతుంది. అటువంటి వడ్డీని అరికట్టడానికి తమిళనాడులో 2003లోనే చట్టం వచ్చింది. అప్పు తీసుకునేవాడికి ఆ చట్టం ఉన్నట్టే తెలియదు. సంక్రాంతి తరువాత పని మొదలైతే వచ్చే కూలిలో ముందు అడ్వాన్సు కోత, తరువాత వడ్డీ, ఆ తరువాతే బియ్యం. వేసవిలో కూడా ఆ ఇంట్లో పప్పు ఉడకకపోవడానికి కారణం నవంబరులో చేసిన అప్పు. మీ పొట్లం డిసెంబరులో ఒక్క రోజు వస్తుంది. అది వచ్చిన పూట నిజంగానే ఆదుకుంటుంది, ఆ అప్పును మాత్రం తాకదు.

3. సంక్షేమ బోర్డులో లేని పేర్లు. 2014 జూన్ 28న చెన్నై శివారు మౌళివాక్కంలో 11 అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వారిలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కూలీలు ఎందరో ఉన్నారు. అప్పుడు మన సంఘాలన్నీ కదిలాయి. నిర్మాణ కార్మికుల కోసం తమిళనాడులో 1994 నుంచే సంక్షేమ బోర్డు ఉన్నది. భవన నిర్మాణ ఖర్చు మీద వసూలు చేసే 1 శాతం సెస్సు కార్మికుల కోసమే. దేశవ్యాప్తంగా ఆ సొమ్ము వేల కోట్లు ఖర్చుకాకుండా ఉండిపోయిందని 2018లో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. నమోదైన కార్మికుడికి ప్రమాద పరిహారం, ప్రసూతి సాయం, పిల్లల చదువుకు సాయం, 60 ఏళ్లు దాటాక పింఛను వస్తాయి. నమోదుకు ముఖ్యంగా కావలసింది గడిచిన 12 నెలల్లో 90 రోజులు నిర్మాణ పని చేసినట్టు ధ్రువీకరణ. ఆ కాగితం మీద సంతకం పెట్టేవాడు దొరకడు. సంపాదించే మనిషి పరంజా మీదనుంచి పడిపోతే ఆ ఇంటి ఆకలికి ఏ అన్నదానమూ చాలదు.

4. బడిలో లేని పిల్లలకు భోజనమూ లేదు. తమిళనాడు ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో మధ్యాహ్న భోజనానికి తోడు ఉదయపు టిఫిను కూడా పెడుతున్నారు. 2022 సెప్టెంబరులో మదురైలో మొదలై, 2023 ఆగస్టుకల్లా రాష్ట్రంలోని ప్రభుత్వ ప్రాథమిక బడులన్నిటికీ చేరింది. అంటే బడిలో చేరిన పిల్లవాడికి రోజుకు రెండు పూటల తిండి ఖాయం. నిర్మాణ స్థలంలో తల్లి వెంట తిరిగే పిల్లవాడికి అది లేదు. బదిలీ పత్రం లేదనో, చదువు సంవత్సరం మధ్యలో వచ్చారనో చేర్చుకోకపోవడం 2009 నాటి విద్యాహక్కు చట్టానికి విరుద్ధం. ఈ సంగతి తల్లికి తెలియదు, తెలిసినా ప్రధానోపాధ్యాయుడితో మాట్లాడే భాష లేదు. ఒక తెలుగు మనిషి ఆమె వెంట బడికి నడిస్తే ఆ పిల్లవాడికి ఏడాది పొడవునా జరిగే అన్నదానం ఎంతో మీరే లెక్క కట్టండి.

5. పొట్లంలోని అన్నం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నది. ఐదేళ్లలోపు పిల్లల్లో 35.5 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు ఎదగలేదు. వీరంతా అన్నం దొరకనివారు కారు. అన్నంతో పాటు దొరకవలసినవి దొరకనివారు. తెల్లన్నం, పల్చటి సాంబారు కడుపు నింపుతాయి; గుడ్డు, పప్పు, ఆకుకూర, రాగి లేకుండా నెలలు గడిస్తే ఆ కడుపు నిండినా లాభం లేదు. దీని మీద ఇంతకంటే రాయను, వైద్యులు మీలోనే ఉన్నారు.

6. వెనకున్న ఊళ్లు. చెన్నైకి వచ్చేవారిలో ఇష్టపడి వచ్చినవారు కొందరు, బోరు ఎండి వచ్చినవారు చాలామంది. పూడిక తీయని చెరువు, వానమీదే ఆధారపడ్డ వేరుశనగ, పంట బీమా అందని కౌలు రైతు, ఈ మూడూ కలిస్తే ఒక కుటుంబం రైలెక్కుతుంది. సొంత ఊళ్లో గుడికి ముఖద్వారం కట్టించిన దాతలు మీలో ఉన్నారు. ఆ గుడి ఎదుటి చెరువు తూము కూడా ఒకసారి చూసి రమ్మని మనవి.

ఇవి చెప్పాక మా కోరికలు సూటిగా చెబుతాను.

ఇక మీదట విపత్తు పేరుతో మీరు వసూలు చేసే ప్రతి నిధిలో మూడింట రెండు వంతులు తక్షణ సాయానికే ఉంచి, ఒక వంతును విడి బ్యాంకు ఖాతాలో వేయండి. దాన్ని పైన చెప్పిన పనులకే వాడాలని, మరోదానికి మళ్లించాలంటే సర్వసభ్య సమావేశం ఒప్పుకోవాలని తీర్మానం చేయండి. మిగ్‌జాం నిధిలో వచ్చినది, ఖర్చయినది, మిగిలినది ఎంతో లెక్కలు బయటపెట్టండి. మేము ఎవరినీ దొంగ అనడం లేదు; ఇచ్చినవారికి, పుచ్చుకున్నవారికి తెలియవలసిన లెక్క అది.

ఉత్తర చెన్నైలో ఒక సహాయ కేంద్రం పెట్టండి. కూలికి పోయేవాడు ఆదివారమే రాగలడు కాబట్టి అది ఆదివారం తెరిచి ఉండాలి. తెలుగు, తమిళం రెండూ చదివి రాయగల ఒకరిద్దరిని జీతమిచ్చి పెట్టండి. స్వచ్ఛంద సేవకుల ఉత్సాహం మొదటి నెల దాటదని మీకూ తెలుసు. ఏ కార్డు ఏ కోవలోనిదో చూసి చెప్పడం, వేలిముద్ర పడనివారి ఆధార్ వివరాలు సరిచేయించడం, బోర్డు దరఖాస్తు నింపడం, తల్లులతో బడికి వెళ్లడం వారి పని. ఒక పెద్ద అన్నదానానికయ్యే ఖర్చుతో ఈ కేంద్రం కొన్ని నెలలు నడుస్తుందని నా అంచనా. రేషన్ కార్డు సరిదిద్దించినందుకు ఫ్లెక్సీ కట్టుకోవడానికి వీలుండదు, నిజమే. పెళ్లిరోజుకో, పెద్దల తద్దినానికో ఒక పూట అన్నదానం రాయించుకునే దాతలు, అదే రోజున కేంద్రం ఖర్చు రాయించుకునే ఏర్పాటు కూడా చేయవచ్చు. ఆ పేరు కేంద్రం గోడ మీద రాద్దాం.

మీలో నిర్మాణ రంగంలో ఉన్నవారికి ప్రత్యేకంగా ఒక మాట. మీ స్థలాల్లో పనిచేసే కూలీలకు 90 రోజుల ధ్రువీకరణ మీ సంతకంతో ఇవ్వండి. దీనికి పైసా ఖర్చు లేదు. సంఘానికి లక్షలు విరాళమిచ్చి ఈ సంతకం దగ్గర వెనుకాడటం మాకు అర్థం కాని విషయం.

ఆంధ్రప్రదేశ్ మంత్రులు, శాసనసభ్యులు మీ వేదికలకు వస్తారు. మా వినతిపత్రం వారిదాకా పోదు, మీ చేతినుంచి పోతుంది. శాలువా కప్పే ముందు, బయటి రాష్ట్రాల్లో పనిచేసే కుటుంబాల కార్డులను పరిశీలించి అర్హులను ఆహార భద్రతా చట్టం కోవలోకి మార్చాలన్న అర్జీని వారి చేతిలో పెట్టండి. వలస కూలీల కార్డులకు సరిపడా సరుకును ఉత్తర చెన్నై దుకాణాలకు అదనంగా కేటాయించాలని తమిళనాడు పౌర సరఫరాల అధికారులకు కూడా మీ లెటర్‌హెడ్ మీద రాయండి. ఆ లేఖ ముసాయిదా నేనే రాసిస్తాను. ఆ శాఖ భాష నాకు అలవాటే.

వానాకాలపు మూడు నెలలకూ పొట్లాలకు తోడుగా బియ్యం, కందిపప్పు, నూనె, రాగిపిండి, పిల్లలున్న ఇంటికి గుడ్లు ఇచ్చే ఏర్పాటు కావాలి. వరద రాకముందే, అక్టోబరులోనే మొదలుకావాలి. ఇంట్లో పప్పు ఉన్నవాడు మేస్త్రీ అడ్వాన్సుకు తొందరపడడు, సంక్రాంతి తరువాత కూలి బేరం కూడా కొంచెం నిలబడి చేస్తాడు. ఎవరికి ఇవ్వాలో పేర్ల జాబితా వీధులవారీగా మా దగ్గర ఉన్నది. మీరు పంపినవారితో కలిసి ఇంటింటికీ తిరిగి సరిచూడటానికి సిద్ధంగా ఉన్నాం. ఈ జాబితాలో తమిళ, ఒడియా, హిందీ కుటుంబాలు కూడా ఉన్నాయని ముందే చెబుతున్నాను. అదే వీధిలో ఉంటూ వాళ్లను వదిలేసి మనవాళ్లకే ఇవ్వడం మాకు చేతకాదు.

చెరువుల సంగతికి ఇప్పుడే జవాబు అడగడం లేదు. సొంత ఊరి చెరువుకు పూనుకునే దాత ఒక్కరు ముందుకు వచ్చినా ఆ ఊరి మనుషులను మేము కలుపుతాం.

వచ్చే సెప్టెంబరు నెలాఖరులోగా ఈ కోరికల మీద మీ నిర్ణయం రాతపూర్వకంగా తెలియజేయాలని కోరుతున్నాం. ఒప్పుకోనివి ఉంటే ఏవి, ఎందుకని రాయండి. దానికీ జవాబు ఇస్తాం. ఏ ఆదివారం పిలిచినా మాలో పదిమందిమి మీ కార్యాలయానికి రాగలం, లేదా మీరే పుళల్ వస్తే వీధులు చూపిస్తాం. సెప్టెంబరు దాటితే ఈ లేఖ ప్రతులు మీ దాతలకు, సభ్యులకు విడివిడిగా అందజేస్తాం.

ఇట్లు,
ఉత్తర చెన్నై తెలుగు కూలి కుటుంబాల తరఫున,
ఒక విశ్రాంత రేషన్ దుకాణ ఉద్యోగి